కార్పల్ టన్నెల్ ఆపరేషన్‌కి ముందు నిపుణుడి గదిలో ఏం జరగాలి

(ఆరోగ్య అవగాహన సభలో ఒక చేతి సర్జన్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నన్ను కార్పల్ టన్నెల్ ఆపరేషన్ గురించి, అంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కే జబ్బుకి చేసే ఆపరేషన్ గురించి మాట్లాడమన్నారు. నిజానికి ఆపరేషన్ గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. అరచేతిలో చిన్న కోత, అటూ ఇటూగా పావుగంట పని, చాలామంది ఆ పూటే ఇంటికి వెళ్లిపోతారు. దానికి ముందు జరగాల్సిన పరీక్ష ఉంది చూశారూ, అసలు సంగతంతా అక్కడే ఉంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చుంటూనే ఒక కాగితం టేబుల్ మీద పెడతారు. నరాల పరీక్ష రిపోర్టు. ‘ఇందులో మోడరేట్ అని వచ్చింది డాక్టర్ గారూ, ఆపరేషన్ ఎప్పుడు?’ అంటారు. ఇంకొందరు అలాంటి కాగితమే చూపించి ‘మైల్డే కదండీ, ఆపరేషన్ అక్కర్లేదని ఒక్క మాట చెప్పండి’ అంటారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. కాగితం తర్వాత చూద్దాం, ముందు చెయ్యి ఇటివ్వండి.

ఆ చోటు ఎక్కడుందో ముందు తెలుసుకుందాం. మీ అరచెయ్యి పైకి ఉండేలా ఒళ్లో పెట్టుకోండి. మణికట్టు దగ్గర చర్మం మీద అడ్డగీతలు కనిపిస్తాయి కదా. అక్కడి నుంచి అరచేతిలోకి కొద్ది దూరం ఒక ఇరుకు దారి ఉంటుంది. దీన్నే కార్పల్ టన్నెల్ అంటారు, జబ్బుకీ ఇదే పేరు. కిందా పక్కలా మణికట్టు ఎముకలు, పైన అడ్డంగా లిగమెంట్ అనే గట్టి పట్టీ. ఈ దారిలోంచి వేళ్లను ముడిచే టెండన్లు, అంటే కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి, తొమ్మిది వెళ్తాయి. వాటితో పాటు నరం ఒకే ఒక్కటి, మీడియన్ నరం. లోపల కొంచెం వాపు వచ్చినా పైనున్న లిగమెంట్ సాగదు, కిందున్న ఎముక జరగదు. ఆ ఒత్తిడంతా భరించాల్సింది మెత్తగా ఉండే నరమే.

ఈ నరం బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపున్న సగానికి స్పర్శ ఇస్తుంది. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండలో ఎక్కువ భాగాన్ని నడిపేది కూడా ఇదే. చిటికెన వేలికి దీనితో పనిలేదు, దానికి వేరే నరం ఉంది. ఇంకో చిన్న విషయం, చాలా పనికొచ్చేది: అరచేతి చర్మానికి స్పర్శ ఇచ్చే కొమ్మ ఈ ఇరుకు దారిలోకి దిగకముందే విడిపోతుంది. కాబట్టి కార్పల్ టన్నెల్‌లో వేళ్లు తిమ్మిరెక్కుతాయి గానీ, మామూలుగా అరచెయ్యి మొద్దుబారదు. అరచెయ్యి కూడా మొద్దుబారిందంటే నరం ఇంకా పైన ఎక్కడో నొక్కుకుంటోందేమోనని చూడాలి. ఏ యంత్రమూ లేకుండా, మీరు చెప్పే రెండు ముక్కల్లోంచే ఇంత తెలుస్తుంది.

అసలు ఈ జబ్బును యంత్రాలు కనిపెట్టలేదు. 1854లో ఇంగ్లండ్ సర్జన్ జేమ్స్ పేజెట్, మణికట్టు ఎముక విరిగిన తర్వాత మీడియన్ నరం నలగడం గురించి రాశారు. 1913లో ఫ్రాన్స్‌లో పియర్ మారీ, షార్ల్ ఫ్వా అనే ఇద్దరు డాక్టర్లు, చనిపోయిన ఒక మనిషి చేతుల్లో బొటనవేలి కండ కరిగిపోయి ఉండటం గమనించారు. కోసి చూస్తే ఆ లిగమెంట్ దగ్గరే నరం నొక్కుకుపోయి కనిపించింది. ముందే గుర్తించి లిగమెంట్ కోస్తే కండ కరగకుండా ఆపొచ్చని వాళ్లు అప్పుడే అన్నారు. 1933లో జేమ్స్ లియర్‌మంత్ అలాంటి ఆపరేషన్ చేసిన సంగతి ప్రచురించారు. 1950ల్లో అమెరికాలో జార్జ్ ఫేలెన్ వందల చేతులు పరీక్షించి, దీన్ని మామూలు డాక్టర్లు కూడా గుర్తుపట్టేలా చేశారు. మణికట్టు పూర్తిగా వంచి ఒక నిమిషం ఉంచితే వేళ్లు తిమ్మిరెక్కుతాయా అని చూసే పరీక్ష ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. వీళ్లంతా కళ్లతో చూసి, చెవులతో విని కనిపెట్టినవాళ్లే.

ఇప్పుడు మీరు నిపుణుడి దగ్గరికి వెళ్లారనుకోండి. ఆయన అడగాల్సిన మొదటి ప్రశ్న రాత్రి గురించి. నిద్రలోంచి లేస్తున్నారా? ఏ వేళకి? లేచి ఏం చేస్తారు? చెయ్యి గట్టిగా విదిలిస్తే తగ్గుతోందా? నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు మడుచుకుని పడుకుంటాం. అప్పుడు ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఈ జబ్బు రాత్రిపూట ఎక్కువ బాధపెడుతుంది. చెయ్యి విదిలించగానే ఊరట దొరుకుతోందని ఎవరైనా చెప్పారంటే, నా మనసులో అనుమానం సగం అటే వెళ్లిపోతుంది. పగలైతే ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నప్పుడు, బండి నడిపేటప్పుడు, పుస్తకం పట్టుకుని చదివేటప్పుడు వస్తుంది. మణికట్టు ఒకే తీరులో ఉండిపోయే పనులు ఇవన్నీ.

రెండో ప్రశ్న, ఏ వేళ్లు? దీనికి నూటికి తొంభై మంది ‘చెయ్యంతా’ అంటారు. (నవ్వులు) లెక్క కోసం అనలేదు లెండి, మాటవరసకి అన్నాను. తిమ్మిరి వచ్చినప్పుడు నిజంగానే చెయ్యంతా అనిపిస్తుంది. అందుకని మీకో పని చెప్తాను. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక తెల్ల కాగితం మీద మీ చెయ్యి పెట్టి చుట్టూ గీత గీయండి. రాత్రి తిమ్మిరితో లేచినప్పుడు రెండో చేత్తో ఒక్కో వేలినీ ముట్టుకుని చూడండి. ఎక్కడ మొద్దుగా ఉందో అక్కడ గీతలు కొట్టండి, ఎక్కడ నొప్పి ఉందో అక్కడ చుక్కలు పెట్టండి. కొన్ని రాత్రులు ఇలా చేస్తే చాలు. చిటికెన వేలు మిగిలిపోయి మిగతావి నిండితే ఒక కథ. చిటికెన వేలే నిండితే ఇంకో కథ, అప్పుడు మోచేతి దగ్గర అల్నార్ నరాన్ని, అంటే చిటికెన వేలికి వెళ్లే నరాన్ని అనుమానించాలి. ఇలాంటి బొమ్మ గీయించడం మేం వాడే పద్ధతే, దాన్ని మీరు ఇంట్లోనే చేసుకొస్తున్నారు, అంతే. ఆ కాగితం తెచ్చినవాళ్లతో నా పని సగం అయిపోతుంది.

నొప్పి పైకి కూడా పాకొచ్చు. ముంజేతిలోకి, ఒక్కోసారి భుజం దాకా లాగుతుంది. అందుకే మెడ సంగతి తేల్చకుండా ఈ పరీక్ష పూర్తి కాదు. మెడలోంచి వచ్చే ఆరో, ఏడో నరపు వేరు నలిగితే కూడా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడంటే, మెడ జబ్బులో మెడ తిప్పినప్పుడు, వెనక్కి వంచినప్పుడు నొప్పి చేతిలోకి జివ్వున దిగుతుంది. మోచెయ్యి చాచే బలం తగ్గొచ్చు, మోచేతి వెనక చిన్న సుత్తితో తట్టినప్పుడు చెయ్యి దానంతటదే కదిలే రిఫ్లెక్స్ మందగించొచ్చు. చెయ్యి విదిలిస్తే తగ్గడం మామూలుగా ఉండదు. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు కూడా, అదే కష్టం. మెడలోనూ మణికట్టులోనూ నరం నలుగుతున్న మనిషికి మణికట్టు ఒక్కటే కోస్తే సగం బాధ మిగిలిపోతుంది. అప్పుడు ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అంటారు. ఆపరేషన్ బాగానే జరిగింది, ముందు పరీక్ష సరిగ్గా జరగలేదు.

పాదాల గురించి కూడా అడగాలి. చేతి డాక్టర్ మీ పాదాలు చూపించమంటే ఆశ్చర్యపోకండి. షుగర్ ఉన్నవాళ్లకి నరాలు మొదట పాదాల్లో మొద్దుబారతాయి, తర్వాత చేతుల్లోకి వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకి కార్పల్ టన్నెల్ వచ్చే అవకాశం కూడా ఎక్కువే. ఆ రెండు తిమ్మిరుల్లో ఏది ఎంతో విడదీసి చెప్తే, ఆపరేషన్‌తో ఏది తగ్గుతుందో, ఏది మిగులుతుందో ముందే మీకు తెలుస్తుంది.

ఇక చెయ్యి. నేను ముందుగా రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి బొటనవేలి కింది కండ చూస్తాను. ఒక వైపు చదునుగా, గుంట పడినట్టు కనిపిస్తే విషయం ముదిరిందని అర్థం. తర్వాత అరచెయ్యి పైకి పెట్టించి, బొటనవేలిని నిటారుగా కప్పు వైపు లేపమంటాను. నేను కిందికి నొక్కుతుంటే ఆపగలుగుతున్నారా? ఈ బలం పూర్తిగా మీడియన్ నరానిదే అనుకోవచ్చు. తర్వాత వేలి కొసల్లో స్పర్శ. రెండు మొనల్ని ఒకేసారి తాకించి అది ఒకటా రెండా అని అడుగుతాం. ఆరోగ్యంగా ఉన్న వేలి కొస, ఐదు మిల్లీమీటర్ల ఎడం ఉన్న రెండు మొనల్ని విడిగా గుర్తుపడుతుంది. అది పోయిందంటే నరం బాగా దెబ్బతిందన్నమాట. ఆ తర్వాత ఫేలెన్ పరీక్ష. మణికట్టు మీద వేలితో తట్టి చూసే టినెల్ పరీక్ష. రెండు బొటనవేళ్లతో నరం మీద అరనిమిషం నొక్కిపట్టి చూసే డర్కన్ పరీక్ష. వీటిలో ఏ ఒక్కటీ సొంతంగా తేల్చేయదు. అన్నీ కలిపి, మీరు చెప్పిన కథతో కలిపి చూడాలి. మొత్తం పది పదిహేను నిమిషాలు. ఈ పది నిమిషాలు మీ చెయ్యి ముట్టుకోకుండా, రిపోర్టు చదివి ఆపరేషన్ తేదీ ఇచ్చేశారంటే, మర్యాదగా ఆ ఫైలు తీసుకుని ఇంకొకరికి చూపించుకోండి. గట్టిగానే చెప్తున్నాను, ఎవరేమనుకున్నా ఫర్వాలేదు.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి చెప్పాలి. కొంతమంది ఏడాదో రెండేళ్లో రాత్రిళ్లు నిద్ర లేక అవస్థ పడతారు. తర్వాత ఒకరోజు నొప్పి దానంతటదే తగ్గిపోతుంది. ‘తగ్గిపోయింది, ఇక అక్కర్లేదు’ అనుకుని ఊరుకుంటారు. తగ్గింది నిజంగా తగ్గడమేనా? వేళ్లు రోజంతా మొద్దుగా ఉండిపోయాయా అని అడగాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం, జేబులో ఉన్న నాణెం ఏదో చూడకుండా గుర్తుపట్టడం ఇవి ఎలా ఉన్నాయి? గ్లాసు చేతిలోంచి జారిపోతోందా? నొప్పి తగ్గి తిమ్మిరి స్థిరపడిపోయిందంటే, నరం బాగుపడి నొప్పి ఆగలేదు, నొప్పి చెప్పే శక్తి కూడా తగ్గింది. ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో ఇది ఎక్కువ జరుగుతుంది. వాళ్లు ఫిర్యాదు చేయరు. రాత్రి నిద్ర పడుతోందిగా అంటారు. కండ కరిగాక చేసే ఆపరేషన్‌తో జబ్బు ముదరకుండా ఆగొచ్చు గానీ, పోయిన కండ, పోయిన స్పర్శ పూర్తిగా తిరిగొస్తాయని ఎవరూ మాటివ్వలేరు. అందుకే నిపుణుడిని త్వరగా కలవమనేది. ఆపరేషన్ త్వరగా చేయించుకోమని కాదు, ఎక్కడున్నామో త్వరగా తెలుసుకోమని.

సరే, ఇప్పుడు ఆ కాగితం తీద్దాం. నరాల పరీక్ష, ఎన్‌సీఎస్ అంటారు. చిన్న చిన్న కరెంటు షాకులిచ్చి, మణికట్టు దాటడానికి నరంలో సందేశానికి ఎంత సమయం పడుతోందో కొలుస్తారు. నరం లోపలి పోగుల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది, కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగులాగా. నొక్కుడుకి మొదట దెబ్బతినేది ఆ పొర. అప్పుడు సందేశం వెళ్తుంది గానీ నెమ్మదిగా వెళ్తుంది. నొక్కుడు ఆగితే ఆ పొర వారాల్లో, నెలల్లో బాగుపడుతుంది. ఇంకా నొక్కితే లోపలి పోగులే తెగిపోతాయి. అవి రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి, కొన్నిసార్లు అన్నీ పెరగవు. మామూలుగా స్పర్శ పోగులు ముందు మందగిస్తాయి, కండకి వెళ్లేవి తర్వాత. సన్నని సూది కండలో పెట్టి చూసే ఈఎంజీ పరీక్ష, కండకి నరం తెగిపోతోందా అని చెప్తుంది. మెడ అనుమానం ఉన్నప్పుడు కూడా అది బాగా అక్కరకొస్తుంది.

ఈ పరీక్ష మంచిదే, నేను రాస్తాను. కానీ దాని పరిమితులు తెలుసుకోండి. ఒకటి, లక్షణాలన్నీ సరిగ్గా ఉన్నా కొంతమందికి రిపోర్టు నార్మల్ వస్తుంది. వాళ్ల బాధ అబద్ధం కాదు. ఎన్‌సీఎస్ కొలిచేది ఎక్కువ వేగంగా పోయే లావుపాటి పోగుల్ని, అదీ పగటిపూట, ఒత్తిడి లేనప్పుడు. రెండు, ఏ బాధా లేనివాళ్లలో కొందరికి అబ్‌నార్మల్ వస్తుంది. వాళ్లకి ఆపరేషన్ ఎందుకు? మూడు, చెయ్యి చల్లగా ఉంటే నరం సహజంగానే నెమ్మదిస్తుంది. ఏసీ గదిలో అరగంట కూర్చున్న చెయ్యిని అలాగే పరీక్షిస్తే లేని జబ్బు కనిపించొచ్చు. చర్మం వేడి 32 డిగ్రీల పైన ఉండేలా చెయ్యి వెచ్చబెట్టి చేయాలి. రిపోర్టులో ఆ వేడి అంకె రాశారో లేదో చూడండి. పరీక్షకి వెళ్లే రోజు చేతికి క్రీములు, నూనెలు రాసుకోకండి, ఉంగరాలు తీసేయండి, గుండెకి పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి.

ఈ మధ్య అల్ట్రాసౌండ్‌తో కూడా చూస్తున్నారు. ఇరుకు దారి మొదట్లో నరం ఉబ్బుతుంది కాబట్టి అక్కడ దాని వైశాల్యం కొలుస్తారు. పది చదరపు మిల్లీమీటర్లు దాటితే చాలాచోట్ల అనుమానిస్తారు. నొప్పి లేదు, షాకుల్లేవు. లోపల గడ్డలాంటిది ఏదైనా నొక్కుతుంటే అదీ కనిపిస్తుంది. కథ, చేతి పరీక్ష రెండూ స్పష్టంగా కలిసినప్పుడు ఈ యంత్రాలేవీ లేకుండానే కార్పల్ టన్నెల్ అని చెప్పొచ్చని ఇప్పుడు చాలామంది నిపుణులు ఒప్పుకుంటున్నారు. అయినా ఆపరేషన్‌కి ముందు ఒక కొలత ఉంటే నాకు ఇష్టం. తర్వాత ఏదైనా తేడా వస్తే పోల్చి చూసుకోవడానికి ఉంటుంది.

ఎందుకొచ్చిందో కూడా అడగాలి. చాలామందికి ప్రత్యేకమైన కారణం దొరకదు. ఆడవాళ్లకి ఎక్కువ, మధ్యవయసు నుంచి ఎక్కువ, బరువు ఎక్కువున్నవాళ్లకి ఎక్కువ. థైరాయిడ్ తక్కువగా ఉండటం, షుగర్, కీళ్లవాతం, పాత మణికట్టు ఫ్రాక్చర్, ఏళ్లతరబడి డయాలసిస్, కంపించే యంత్రాలతో పని, వీటిని విడివిడిగా అడుగుతాం, రక్తపరీక్షలు రాస్తాం. గర్భిణులకి వస్తే సాధారణంగా తొందరపడం, స్ప్లింట్ (మణికట్టు వంగకుండా పట్టి ఉంచే పట్టీ) ఇచ్చి చూస్తాం, కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోతుంది. ఒక్క విషయం మాత్రం కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. పెద్దవయసు మగవాళ్లకి, రెండు చేతులకీ, పెద్ద కారణం లేకుండా కార్పల్ టన్నెల్ వస్తే, కొద్దిమందిలో అది అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం వల్ల కావచ్చు. అదే ప్రొటీన్ కొన్నేళ్ల తర్వాత గుండె కండలో కూడా పేరుకోవచ్చు. చెయ్యి ముందు, గుండె తర్వాత. ఆయాసం, నడుము దగ్గర వెన్నెముక దారి ఇరుకవడం, భుజానికీ మోచేతికీ మధ్య ముందు వైపుండే కండ (బైసెప్స్) టెండన్ దానంతటదే తెగడం లాంటి చరిత్ర కూడా ఉంటే, ఆపరేషన్ చేసేటప్పుడు లోపలి పొరలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపమని అడగొచ్చు. ఇప్పుడు దానికి మందులున్నాయి, అందుకే ముందే తెలియడం ముఖ్యం.

ఒక అత్యవసరం కూడా ఉంది. కిందపడి మణికట్టు విరిగిందనుకోండి, కట్టు కట్టాక వేళ్లు గంటగంటకీ మొద్దుబారుతూ, నొప్పి భరించలేనంతగా పెరుగుతుంటే, అది వచ్చే వారం చూపించుకునే కార్పల్ టన్నెల్ కాదు. ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

జబ్బు తేలాక వెంటనే ఆపరేషనేనా? కండ కరగలేదు, స్పర్శ పోలేదు, బాధ వచ్చిపోతోంది అంటే ముందు స్ప్లింట్. రాత్రిపూట మణికట్టు నిటారుగా ఉండేలా, ఆరు వారాల పాటు. మార్కెట్లో దొరికే కొన్ని పట్టీల్లో లోపలి లోహపు పలక మణికట్టుని వెనక్కి వంచుతుంది. దాన్ని తీసి నిటారుగా చేసుకోవాలి. తర్వాత మణికట్టు దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్. కొన్ని వారాలు, నెలలు బాగానే పనిచేస్తుంది, చాలామందికి మళ్లీ వస్తుంది. దాన్ని నేను చికిత్సగానే కాకుండా ఒక పరీక్షగా కూడా చూస్తాను. ఇంజెక్షన్‌తో హాయిగా తగ్గిందంటే బాధ అక్కడి నుంచే వస్తోందని నమ్మకం పెరుగుతుంది. 2002లో నెదర్లాండ్స్ డాక్టర్లు ప్రచురించిన ఒక అధ్యయనంలో కొంతమందికి స్ప్లింట్, కొంతమందికి ఆపరేషన్ చేసి పోల్చారు. ఏడాదిన్నర తర్వాత ఆపరేషన్ వాళ్లలో 90 శాతం మంది బాగున్నామన్నారు, స్ప్లింట్ వాళ్లలో 75 శాతం. అయితే స్ప్లింట్‌తో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఈలోపు ఆపరేషన్ చేయించుకున్నారు. నాకు దీంట్లో అర్థమైందేంటంటే, తేలికగా ఉన్నప్పుడు కొన్నాళ్లు ఆగి చూడటంలో తప్పులేదు, కానీ ఆగడానికి ఒక గడువు ఉండాలి. గడువు అయ్యాక మళ్లీ చెయ్యి చూపించుకోవాలి. మర్చిపోయి రెండేళ్ల తర్వాత రావడం ఆగడం కిందకి రాదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలని అడుగుతారు. తిమ్మిరి ఎందుకో తెలియనప్పుడు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లడం మంచి దారి. కీళ్ల వాపులు ఉంటే రుమటాలజిస్ట్. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు చేతి సర్జరీలో శిక్షణ ఉన్నవాళ్లు, వాళ్లు ఆర్థోపెడిక్స్ నుంచైనా, ప్లాస్టిక్ సర్జరీ నుంచైనా రావొచ్చు. ‘ఈ ఆపరేషన్ మీరు తరచుగా చేస్తారా?’ అని అడగడానికి మొహమాటపడకండి. నన్ను అడిగితే నేనేం అనుకోను. ‘నా తిమ్మిరిలో ఎంత తగ్గుతుంది, ఎంత మిగులుతుంది?’ అని అడగండి. దీనికి సూటిగా జవాబు చెప్పగలిగారంటే మీ చెయ్యి సరిగ్గా పరీక్షించినట్టే. ‘చేయించుకోకపోతే ఆరు నెలల్లో ఏమవుతుంది?’ అని కూడా అడగండి. వాడే మందులన్నీ రాసుకెళ్లండి, పాత రిపోర్టులు తీసుకెళ్లండి, మీ పనిలో చేతులతో ఏం చేస్తారో చెప్పండి. ముఖ్యంగా ఎన్ని రోజులు సెలవు పెట్టాల్సి వస్తుందో అడగండి. ఆఫీసు కుర్చీలో పనికీ బరువులెత్తే పనికీ జవాబు ఒకటి కాదు.

ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో. చాలావరకు ఆ చోట మాత్రమే మత్తు ఇస్తారు, మీరు మాట్లాడుతూనే ఉంటారు. లిగమెంట్‌ని పొడుగునా కోసి దారి వెడల్పు చేస్తారు. అరచేతిలో కోసి నేరుగా చూస్తూ చేయొచ్చు, కెమెరాతో చిన్న రంధ్రంలోంచీ చేయొచ్చు. కెమెరా పద్ధతిలో పనికి కొన్ని రోజులు ముందు వెళ్లొచ్చు, ఏడాది తర్వాత చూస్తే రెండింటికీ తేడా పెద్దగా ఉండదు. సర్జన్ చేతికి ఏది బాగా అలవాటైతే అది చేయించుకోండి. కుట్లు పది పద్నాలుగు రోజులకి తీస్తారు. వేళ్లు మాత్రం మొదటి రోజు నుంచే కదిలిస్తూ ఉండాలి. రాత్రి బాధ చాలామందికి మొదటి కొద్ది రోజుల్లోనే పోతుంది. పాత తిమ్మిరి నెలలు తీసుకుంటుంది. అరచేతి అంచుల్లో నొక్కితే నొప్పి, పట్టు తగ్గడం కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా ఉండొచ్చు, దానికి భయపడకండి. ఇన్ఫెక్షన్, లిగమెంట్ పూర్తిగా తెగకపోవడం, నరానికి దెబ్బ తగలడం అరుదే గానీ లేవని చెప్పను. వాటి గురించి మాట్లాడని సర్జన్ దగ్గర సంతకం పెట్టకండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: కంప్యూటర్ మీద పనిచేస్తే కార్పల్ టన్నెల్ వస్తుందంటారు, నిజమేనా?)

కీబోర్డు వల్లే వస్తుందని చెప్పేంత బలమైన ఆధారాలు లేవండి. ఎక్కువ బలం పెట్టి, మణికట్టు వంచి పదేపదే చేసే పనులకీ, కంపించే యంత్రాలకీ సంబంధం స్పష్టంగా ఉంది. కీబోర్డు మీద మణికట్టు వంచి ఉంచితే ఉన్న బాధ ఎక్కువ కావొచ్చు, కాబట్టి నిటారుగా పెట్టుకోండి. కానీ ఉద్యోగం మానేస్తే పోతుందని టెన్షన్ పడి మానకండి. ముందు పరీక్ష చేయించుకోండి.

(మరొకరు: మా నాన్నగారు రక్తం పల్చబడే మందులు వాడుతున్నారు. ఆపరేషన్ చేయొచ్చా?)

చాలా సందర్భాల్లో చేయొచ్చమ్మా. ఇది చిన్న కోత, కొన్ని మందులు ఆపకుండానే చేస్తారు. కానీ ఏది ఆపాలో, ఏది ఆపకూడదో ఆ మందు రాసిన గుండె డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి. మీ అంతట మీరు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి. చేతి నరం కోసం గుండెని ప్రమాదంలో పెట్టకూడదు.

(వెనక వరస నుంచి: రెండు చేతులకీ ఉంది. రెండూ ఒకేసారి చేయించుకోవచ్చా?)

చేయించుకోవచ్చు, కొంతమంది చేయించుకుంటున్నారు కూడా. రెండు చేతులకీ కట్లుంటే మొదటి వారం గుండీలు పెట్టడానికి, స్నానానికి, బాత్రూం పనులకి సాయం చేసేవాళ్లు ఉన్నారా అన్నది ముందు చూసుకోండి. లేకపోతే ఎక్కువ దెబ్బతిన్న చెయ్యి ముందు. ఎక్కువ నొప్పి ఉన్న చెయ్యే ఎక్కువ దెబ్బతిన్నదని అనుకోకండి, ఇందాక చెప్పాను కదా, అది డాక్టర్ పరీక్షించి చెప్పాలి. రెండోది కొన్ని వారాల తర్వాత పెట్టుకోండి. తేదీ ఖాయం చేసే ముందు దాన్ని మరోసారి పరీక్షించమని అడగండి. మొదటి చెయ్యి చేశాక ఇంట్లో పనుల బరువంతా రెండో చేతి మీద పడుతుంది కాబట్టి అది ఈలోపు ముదిరి ఉండొచ్చు, స్ప్లింట్‌తో సర్దుకుని కూడా ఉండొచ్చు.